పక్క సీటుకి లైను

"హలో, డ్రిల్లు మాస్టారూ! లేచారా?"

ఆ ఇంట్లో రోజూ కాకి కంటే ముందు వినిపించే మాట అది. పెద్దావిడ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోను చేస్తుంది. లేచారా, మందు వేసుకున్నారా, మోకాలి నొప్పి ఎలా ఉంది, అంతే. ఎవరైనా ఫోను ఎత్తకపోతే మాత్రం పక్కింటివాళ్ళకి చేసి తలుపు కొట్టించేదాకా ఊరుకోదు. స్నానాలగదిలో జారిపడ్డ కుట్టుమిషను పిన్నిని ఒకసారి అలాగే సమయానికి లేపించింది. అప్పటినుంచి పిన్ని కనిపించినవాళ్ళందరికీ ఈమె తన ప్రాణదాత అని చెబుతుంది. ఈమె కాదనదు. పొగడ్త ఎవరికి చేదు?

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఎవరికి ఎక్కడికి ఫోను కావాలన్నా ఆ రోజుల్లో ఆపరేటరే వైరు తీసి బోర్డులో గుచ్చి లైను కలపాలి. ఊరందరి గుట్టూ ఆమె చెవుల మీదుగా పోయేది. ఒక్క మాట కూడా బయటికి రాలేదని ఆమె గర్వం. ఆ గర్వానికి ఒక కథ కూడా ఉంది. ఇంటికి వచ్చిన చుట్టం ఆ కథ వినకుండా టీ తాగి వెళ్ళడం కుదిరేది కాదు.

"మాకు ఒక పద్ధతి ఉండేది. పైవాళ్ళు పెట్టింది కాదు, మేమే పెట్టుకున్నది. మన సొంతవాళ్ళ ఫోను మన బోర్డు మీదికి వచ్చిందనుకో, వెంటనే లైను పక్క సీటుకి ఇచ్చేయాలి. చెవి మనదైనా ఆశ మన మాట వినదుగా! మా నాన్న పెళ్ళివారింటికి చేసిన ఫోను సరిగ్గా నా బోర్డు మీదికే వచ్చింది. అవుననేదీ కాదనేదీ ఆ ఫోన్లోనే తేలాలి. గుండె దడదడలాడుతోంది. అయినా పక్క సీటుకి ఇచ్చేశాను. నా పెళ్ళి కుదిరిన సంగతి నాకంటే ముందు పక్క సీటుదానికి తెలిసింది!"

చుట్టాలు నవ్వేవారు. కొడుకు ఆ పాటికి పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. కోడలు లెక్కల టీచరు. బల్ల దగ్గర కూర్చుని తల ఎత్తకుండా పిల్లల ఆన్సరు పేపర్లు దిద్దుకుంటూ ఉండేది. 'ఈ పిల్లకి చెవుల్లో కూడా లెక్కలే' అని పెద్దావిడ లోపల లోపల నొచ్చుకునేది.

ఆ రోజు పొద్దున్న మాత్రం మాస్టారితో "మందు వేసుకున్నారా" అన్న మాట పూర్తి కాలేదు. "మందు..." దగ్గరే ఊపిరి ఆగిపోయింది. అవతల మాస్టారు "హలో! ఏమైందమ్మా? హలో!" అని గావుకేకలు పెడుతున్నాడు. కోడలు వంటింట్లోంచి పరుగున వచ్చి, వెనకాల ఇంకో దిండు పెట్టి, వీపు రాస్తూ కూర్చుంది. కొడుకు ఒక కాలికి మేజోడుతో, రెండో మేజోడు చేత్తో పట్టుకుని వచ్చాడు. ఫోను లాక్కుని మాస్టారికి సర్దిచెప్పి పెట్టేశాడు.

"ఇక చాలమ్మా ఈ ఫోన్లు! ఆయాసపడొద్దని డాక్టరు చెప్పలేదూ?"

"ఆయాసం... తగ్గించమని... నేను ఆయన్ని అడగలేదూ?"

అడిగింది. అక్కడే వచ్చింది చిక్కంతా. గుండెలో ఒక కవాటం బిగిసిపోయి, తుప్పుపట్టిన తలుపులా సగమే తెరుచుకుంటోంది. మందులతో ఏడాదో, ఆపైన ఇంకొంతో నెట్టుకురావచ్చు, కానీ ఆయాసం పెరుగుతూనే ఉంటుంది. ఛాతీ తెరిచి కవాటం మార్చే ఆపరేషన్ ఉంది. ఆమె వయసుకీ, అంతంతమాత్రంగా ఉన్న మూత్రపిండాలకీ అది గండమే. బల్లమీదే పోయినా పోవచ్చని సర్జన్ దాచకుండా చెప్పాడు. పెద్దావిడ ఆపరేషన్ కావాలంది. కొడుకు వద్దన్నాడు. వద్దంటే మామూలుగా కాదు, చచ్చినా సంతకం పెట్టనన్నాడు.

కొడుక్కి బజార్లో కళ్ళద్దాల షాపు. మెత్తటి మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. అలాంటివాడు సర్జన్ గదిలో బల్ల గుద్దాడు. "మా అమ్మని నా చేత్తో నేను పంపించను" అన్నాడు. ఇంత గండమైన ఆపరేషన్, ఇంట్లో ఇంత గొడవ మధ్య ఎలా చేయాలో సర్జన్‌కి పాలుపోలేదు. "ఇది కమిటీకి పంపిద్దాం. వాళ్ళేమంటారో చూద్దాం" అన్నాడు.

కమిటీ అన్న మాట వినగానే తల్లీకొడుకులిద్దరి మొహాలూ ఒకేసారి వెలిగిపోయాయి. ఎందుకంటే ఆ కమిటీలో కోడలు ఉంది!

పెద్దాసుపత్రిలో ఎటూ తేలని కేసులుంటాయి. రోగి ఒకటంటాడు, ఇంటివాళ్ళు ఇంకోటంటారు, ఒక్కోసారి డాక్టరుకే మనసొప్పదు. అలాంటప్పుడు నలుగురూ కూర్చుని ఏది న్యాయమో ఆలోచించి సలహా చెప్పడానికి ఒక ఎథిక్స్ కమిటీ ఉంది. డాక్టర్లు, నర్సులు, ఒక లాయరు, వాళ్ళతో పాటు ఆసుపత్రితో సంబంధం లేని బయటి మనిషి ఒకరు. ఆ బయటి మనిషే కోడలు. కొన్నేళ్ళుగా నెలకి రెండు గురువారాలు స్కూలు నుంచి తిన్నగా అటే పోతుంది. జీతం లేదు, బత్తెం లేదు. చీకటి పడ్డాక అలసిపోయి ఇంటికొస్తుంది.

"ఏం మాట్లాడుకున్నారర్రా ఇవాళ మీ కబుర్ల కమిటీలో?" అని అత్తగారు ఎన్నిసార్లు కదిపినా "ఏవో మామూలువే అత్తయ్యా" అనేది. పెద్దావిడకి ఒళ్ళు మండేది. ఊరి గుట్టంతా కడుపులో దాచుకున్న తనకే అందకుండా దాస్తుందా! అందుకని డ్రిల్లు మాస్టారికి ఫోన్లో ఫిర్యాదు చేసేది: "ఏం కోడలో మాస్టారూ, ఇంట్లో ఒక్క ముక్క చెప్పదు!"

ఇప్పుడు ఆ కోడలి చుట్టూ మొదలైంది ప్రదక్షిణం.

ముందు భర్త వంటింట్లో పట్టుకున్నాడు. ఎప్పుడూ లేనిది గిన్నెలు కడిగి తుడిచిపెడుతున్నాడు. "నువ్వు వాళ్ళతో గట్టిగా చెప్పు. పెద్దవయసు, వద్దు అను. నీ మాట వింటారు."

కోడలు స్టవ్వు తగ్గించింది. "మీ మాట మీరే చెప్పండి వాళ్ళకి. అడుగుతారు."

"నేను చెబితే కొడుకు మాట. నువ్వు చెబితే కమిటీ మాట!"

ఆ సాయంత్రం పెద్దావిడ పిలిచి మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో తప్ప అలా పక్కన కూర్చోబెట్టుకున్నది లేదు. కోడలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"అమ్మాయ్, నాకు నువ్వే కొండంత అండ. నాకు భయం లేదని నీకు తెలుసు. వాడు పిరికివాడు. నువ్వు ఆ గదిలో నా వైపు ఒక్క మాట అను, చాలు."

కోడలు ఆ చేతిని చాలాసేపు వదల్లేదు. "మీ మాట మీరే బాగా చెప్పగలరత్తయ్యా" అని మాత్రం అంది. అవునూ అనలేదు, కాదూ అనలేదు. పెద్దావిడ దాన్ని అవుననే అనుకుంది. కావాలనుకున్నవాళ్ళకి అన్నీ అవునులాగే వినిపిస్తాయి.

బుధవారం ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రం చూడ్డానికి వచ్చేవాళ్ళ వేళకి కోడలు ఉతికిన దుప్పటి, ఫ్లాస్కు తీసుకుని వచ్చింది. కొడుకు అప్పటికే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. తల్లీకొడుకులిద్దరూ పొద్దుటినుంచి మాట్లాడుకోలేదు. కోడలు దుప్పటి మార్చి, ఫ్లాస్కు అందేచోట పెట్టి, ఇద్దరి మొహాలూ చూసింది.

"రేపు మీ విషయం వచ్చినప్పుడు నేను గదిలో ఉండను."



"ఉండనంటే?" అన్నాడు కొడుకు.

"మన ఇంటి విషయం కదండీ. నేను లేచి బయటికెళ్ళిపోవాలి. లోపల ఏమనుకున్నారో కూడా అడగను. మీరు చెబితేనే తెలుస్తుంది."

"ఇన్నేళ్ళు చాకిరీ చేసింది ఎందుకు మరి? ఊళ్ళోవాళ్ళందరి కోసం బుర్ర బద్దలు కొట్టుకుంటావు, మనదాకా వచ్చేసరికి తలుపు బయట నిలబడతావా?" కొడుకు గొంతు వార్డంతా వినిపించింది. పక్క మంచం మీది మనిషి ఇటు తిరిగి పడుకుంది.

"నేనుంటే నా మొహం చూసి మాట్లాడతారు. అత్తయ్య మొహం చూసి మాట్లాడాలి వాళ్ళు."

"పెద్ద నీతిమంతురాలివి బయలుదేరావు!" ఈసారి పెద్దావిడ. ఆయాసం కోపాన్ని ఆపలేకపోయింది. "చెయ్యి పట్టుకుని అడిగానే నిన్ను! కూతురు లేదనే మాట ఎన్నడూ అనుకోలేదు నేను. ఇప్పుడనుకుంటున్నాను. నా కడుపున పుట్టిన ఆడపిల్లైతే... లేచి వెళ్ళిపోయేదా? పరాయిపిల్లవి. పరాయిదానివిగానే... ఉండిపోయావు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే అదే. తల్లీకొడుకులు ఎన్నాళ్ళకో ఒక మాట మీదికి వచ్చారు, అదీ కోడల్ని తిట్టడానికి. కోడలి కళ్ళు నిండాయి. ఏదో అనబోయింది. పెదవి దాకా వచ్చిన మాటని మింగేసింది. దుప్పటి అంచు సరిచేసి, "టీలో చక్కెర తక్కువే వేశానత్తయ్యా" అని చెప్పి వెళ్ళిపోయింది.

పెద్దావిడ ఆ టీ తాగలేదు. చల్లారిపోయేదాకా ఫ్లాస్కు వైపు చూస్తూ పడుకుంది.

గురువారం ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి రెండో అంతస్తు చివరికి తీసుకెళ్ళారు. వెనకే కొడుకు. దుప్పట్లు భద్రపరిచే గది పక్కన ఇంకో గది, దాని ఎదురుగా ఒక బెంచీ. బెంచీ మీద కోడలు, ఒళ్ళో ఆన్సరు పేపర్ల కట్ట. అత్తగారిని చూసి లేచి నిలబడింది. పెద్దావిడ మొహం అవతలికి తిప్పుకుంది.

లోపల పెద్ద ఆర్భాటమేమీ లేదు. పొడుగాటి బల్ల, ఒక కాలు కింద మడతపెట్టిన అట్టముక్క. మధ్యలో టీ ఫ్లాస్కు, గ్లాసులు. పిల్లల డాక్టరుగా రిటైరైన పెద్ద డాక్టరమ్మ కమిటీకి పెద్ద. జుట్టంతా తెల్లగా, మనిషి పొట్టిగా, నవ్వుమొహంతో ఉంది. ఆమెకి ఒకపక్క హెడ్ నర్సు, ఇంకోపక్క లాయరు. సర్జన్ చివర్న కూర్చున్నాడు. ఒక కుర్చీ ఖాళీ. దాని వీపు మీద నీలం శాలువా. అది కోడలిదే. గదిలో ఏసీ చలి అని గురువారాలు వెంట తీసుకెళుతుంది. ఆ ఖాళీ కుర్చీ చూసేసరికి పెద్దావిడకి మళ్ళీ కోపం వచ్చింది.

"చెప్పండమ్మా. మీకేం కావాలో మీ మాటల్లో చెప్పండి. తొందరేం లేదు, ఆగి ఆగి చెప్పండి" అంది డాక్టరమ్మ.

"నేనేం చెప్పను? నా తరఫున చెప్పాల్సింది... బెంచీ మీద కూర్చుంది. అత్త ప్రాణం మీదికొస్తే... పారిపోయింది."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లాయరు చిన్నగా నవ్వు ఆపుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం ఆపుకోలేదు.

"పారిపోలేదమ్మా. మాకిక్కడ ఒక రూలుంది. సొంతవాళ్ళ విషయం వస్తే ఎంతటివాళ్ళయినా లేచి బయటికి పోవాలి. మేం దాన్ని అత్తగారి రూలు అంటాం."

"అత్తగారి రూలా? ఏ అత్తగారు?"

"మీరేనమ్మా."

పెద్దావిడ తెల్లమొహం వేసింది.

"మొదట్లో మాకీ పద్ధతి లేదు" అంది డాక్టరమ్మ. "ఒకసారి మాలో ఒకరి దగ్గరి చుట్టం విషయం వచ్చింది. ఆయన ఇక్కడే కూర్చున్నారు. ఆయన మొహం చూసి మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. మీ కోడలు అప్పుడు కొత్త. అప్పటిదాకా నోరు విప్పి ఎరగదు. లేచి నిలబడి, 'మా అత్తగారు ఎక్స్ఛేంజిలో పనిచేసేవారండీ' అని మొదలుపెట్టింది."

"'చెవి మనదైనా ఆశ మన మాట వినదుగా!'" అన్నాడు లాయరు. అచ్చు పెద్దావిడ విరుపే.

"'నా పెళ్ళి కుదిరిన సంగతి నాకంటే ముందు పక్క సీటుదానికి తెలిసింది!'" అని హెడ్ నర్సు పూర్తి చేసింది. "ఆ కథ చెప్పేసరికి ఆ పెద్దమనిషే నవ్వి, తనంతట తను లేచి బయటికెళ్ళారమ్మా. ఆనాటినుంచి కమిటీలోకి కొత్తగా ఎవరొచ్చినా ముందు ఆ కథే చెబుతాం. మిమ్మల్ని ఒకసారి చూడాలని మాకెప్పటినుంచో కోరిక."

  తల ఎత్తకుండా పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్న పిల్ల పెద్దావిడ కళ్ళముందు మెదిలింది. ఒక్క ముక్క పొల్లుపోకుండా విన్నది! విని, తెచ్చి, ఇంతమంది పెద్దవాళ్ళ మధ్య తన మాటని పీట వేసి కూర్చోబెట్టింది. తను నిన్న ఆ పిల్లనే పరాయిదానా అంది.

"కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందట" అంది పెద్దావిడ చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ సామెత నాకోసమే పుట్టింది." గదంతా నవ్వింది. హెడ్ నర్సు లేచి నీలం శాలువా తెచ్చి ఆమె భుజాల మీద కప్పింది. దాంట్లో సుద్దముక్క వాసన, కోడలి వాసన.

పెద్దావిడ నిటారుగా కూర్చుంది. ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చున్నప్పుడు అలా కూర్చునేది.

"సరే, నా మాట నేనే చెబుతాను. ఆగి ఆగి చెబుతాను, వినండి. నాకు చావంటే... మోజు లేదు. బల్లమీదే పోవచ్చని ఈ బాబు చెప్పాడు, విన్నాను, బుర్రకెక్కింది. కానీ నేను బతికిందే మాట మీద. ఇవాళ నా మాట సగంలో తెగిపోతుంటే... అవతలి ముసలివాళ్ళు హడలిపోతున్నారు. ధైర్యం చెప్పాల్సిన నేను భయపెడుతున్నాను. ఏడాదో, ఇంకొంచెమో... గోడకి ఆనుకుని మూగదానిలా కూర్చోడం కంటే... ఒకసారి ప్రయత్నించి చూడమంటున్నాను."

"ఒకవేళ తేడా వస్తే?" సర్జన్ నెమ్మదిగా అడిగాడు. "రోజుల తరబడి మిషన్ల మీద ఉండాల్సి రావచ్చు."

"కొన్నాళ్ళు చూడు బాబూ. లైను కలవదని నీకు తేలిపోయాక మాత్రం... ఊరికే గంట మోగిస్తూ కూర్చోకు. పెట్టేయ్."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అన్నదో, కొడుకు అంత గట్టిగా ఉలిక్కిపడ్డాడు. డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబూ. సంతకం సంగతి వదిలేయండి. మీ భయమేమిటి?"

 షాపులో రోజంతా ఒకరి కళ్ళకి అద్దాలు పెట్టే మనిషి, తన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"పొద్దున్న లేవగానే నాకు అమ్మ గొంతు వినపడాలండీ. నాతో కాకపోయినా ఫరవాలేదు. ఫోన్లో ఎవరినో లేచారా అంటుంది కదా, చిన్నప్పటినుంచీ నేను ఆ గొంతుకే లేచాను. రేపు పొద్దున్న లేచేసరికి ఆ గొంతు లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలీదు. అంతే. ఇంక వేరే కారణమేమీ లేదు."

"ఆ గొంతే పోతోందిరా నాన్నా" అంది తల్లి. "రోజుకింత పోతోంది. నువ్వు దాచుకుందామనుకుంటున్నది... నీ చేతిలోనే కరిగిపోతోంది. అందుకే కదా తెచ్చుకోనివ్వమంటున్నాను."

కొడుకు కళ్ళద్దాలు పెట్టుకోకుండానే తల్లి కుర్చీ దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంత మనిషి, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళెవరూ అటు చూడలేదు. లాయరు గ్లాసుల్లో టీ పోశాడు, సర్జన్ తన గోళ్ళు చూసుకున్నాడు. ఎదుటి మనిషిని ఏడవనివ్వడం కూడా ఒక పనే, ఆ గదిలోవాళ్ళకి అది బాగా వచ్చు.

డాక్టరమ్మ మాట క్లుప్తంగానే చెప్పింది. పెద్దావిడకి అన్నీ తెలుసు, తెలిసే అడుగుతోంది, కాబట్టి నిర్ణయం ఆమెదే. ఆపరేషన్ చేస్తే న్యాయం తప్పినట్టు కాదు. ఎక్కడ ఆపాలో ఆమె చెప్పిన మాటని అలాగే గౌరవించాలి. సర్జన్ తలూపాడు. కొడుకు లేచి, ముక్కు తుడుచుకుని, "సంతకం ఎక్కడండీ?" అన్నాడు.

తలుపు తెరుచుకునేసరికి కోడలు బెంచీ మీదే ఉంది. ఒళ్ళో పేపర్లు కట్ట విప్పకుండా ఉన్నాయి. ఒక్కటీ దిద్దలేదు. లేచి నిలబడింది కానీ ఏమైందని అడగలేదు. అత్తగారి భుజాల మీది శాలువా చూసింది, భర్త ఎర్రటి కళ్ళు చూసింది, పెదవులు బిగించుకుని నిలబడింది.

"అడగవేం?" అంది పెద్దావిడ.

"అడగకూడదత్తయ్యా."

"తెలుసు. అత్తగారి రూలు."

కోడలి మొహం కందిపోయింది. దొంగతనం చేసి పట్టుబడ్డ పిల్లలా తల వంచుకుంది. "చెప్పేశారా వాళ్ళు?"

"నిన్న ఆ మాట నా మొహాన అనేస్తే పోయేదిగా! 'నీ రూలే కదే ముసలిదానా' అంటే నోరు మూసుకుని ఊరుకునేదాన్ని. ఎందుకు పడ్డావు అన్ని మాటలు?"

"మీ మాటతో మీ నోరు మూయించడం నాకిష్టం లేదు. ఇవాళ మీరు మాట్లాడాల్సిన రోజు కదా."

పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని లాగి బెంచీ మీద కూర్చోబెట్టింది. "ఆపరేషన్‌కే ఒప్పుకున్నారు. ఇప్పుడు చెప్పు. నువ్వు ఆ గదిలో ఉంటే నా వైపే మాట్లాడేదానివి కదూ?"

కోడలు ఒళ్ళోని పేపర్ల కట్ట ముడి విప్పుతూ కూర్చుంది. 

"లేదత్తయ్యా. వద్దనేదాన్ని."

"ఏమిటి?"

"వద్దనేదాన్ని. నాకు ఆయన కంటే ఎక్కువ భయం. మీరు లేని ఇల్లు నేనూ చూడలేను. లోపల కూర్చుని ఉంటే, న్యాయం గీయం అన్నీ మర్చిపోయి, మీరు ఎంత కావాలన్నా వద్దని వాదించేదాన్ని. నా సంగతి నాకు తెలుసు. అందుకే లేచి వచ్చేశాను."

 తన వైపు మాట్లాడలేదని పెద్దావిడ కోప్పడింది. ఈ పిల్ల తనమీది ప్రేమ తనకే అడ్డం పడకుండా దాన్ని బయటికి తీసుకొచ్చి, ఈ బెంచీ మీద కూర్చోబెట్టుకుని కాపలా కాసింది. ఆ రోజుల్లో తను పెళ్ళి ఫోను పక్క సీటుకి ఇచ్చిందే, అది ఒక్క నిమిషం పని. ఇంత బరువైన లైను తను ఏనాడూ పక్కకి ఇవ్వలేదు. తన రూలే కావచ్చు, కోడలు దాన్ని తనకంటే ఎత్తుకి తీసుకెళ్ళింది.

"నిన్న ఒక మాటన్నాను నిన్ను" అంది. "అది వెనక్కి తీసుకుంటున్నాను. నా కడుపున పుట్టిన పిల్లైతే లేచి వెళ్ళేది కాదు, నిజమే. దానికింత పెంపకం నేను ఇవ్వలేకపోయేదాన్నేమో!"

కోడలు అత్తగారి భుజం మీద తల పెట్టుకుని, ఆ నీలం శాలువాలోకే వెక్కి వెక్కి ఏడ్చింది. కొడుకు ఎటు చూడాలో తెలియక ఇద్దరి ఒళ్ళోంచీ జారిపోతున్న ఆన్సరు పేపర్లు ఏరుకుంటూ నిలబడ్డాడు.

ఆపరేషన్ అయింది. తేలిగ్గా ఏం అవలేదు. మధ్యలో భయపెట్టింది, ఐసీయూలో అనుకున్నదానికంటే ఎక్కువ రోజులుంచింది. చివరికి గొంతులోంచి గొట్టం తీసిన పొద్దున కోడలు మీదికి వంగి, చెవి దగ్గర మెల్లగా, "హలో అత్తయ్యా, లేచారా?" అంది. పెద్దావిడ కళ్ళు తెరిచి, ఇంకా బొంగురుగా ఉన్న గొంతుతో, "లైనులో ఉన్నాను" అంది.

ఆమె ఇంటికొచ్చాక తెలిసిన సంగతి ఒకటుంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పొద్దుటి ఫోన్లు ఒక్కరోజు కూడా ఆగలేదు. కొడుకు చేశాడు. షాపు అలవాటు కొద్దీ, లేచారా అని అడగడం మర్చిపోయి, "ఇప్పుడు స్పష్టంగా ఉందా?" అని అడిగేవాడట. కుట్టుమిషను పిన్ని చెప్పి చెప్పి నవ్వింది.

కొన్ని వారాలు గడిచాక ఒక పొద్దున్న పెద్దావిడ మళ్ళీ దిండుకు ఆనుకుని ఫోను అందుకుంది. పక్కగదిలో కొడుకు మెలకువగానే ఉన్నాడు. ఆ గొంతు పూర్తిగా వినడానికి లేవకుండా పడుకున్నాడు. ఆ రోజు గురువారం. కోడలు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది, భుజాన నీలం శాలువా.

"హలో, డ్రిల్లు మాస్టారూ! లేచారా? మందు వేసుకున్నారా? నిన్న మోకాలికి నూనె రాసుకోమన్నాను, రాసుకున్నారా, లేక మీ పాత కథలన్నీ నాకు చెప్పి తప్పించుకుందామనుకుంటున్నారా?"

ఎక్కడా ఆగకుండా, తెగకుండా, ఒక్క ఊపిరిలో వచ్చింది అంతా. గుమ్మం దగ్గర కోడలు చెప్పు వేసుకోవడం ఆపి వింటూ నిలబడిపోయింది.

అవతల మాస్టారు సంబరంగా ఏదేదో మాట్లాడాడు. ఇవాళ గురువారం కదా, మీ కోడలు మీటింగుకి వెళ్తుందా, పెద్దాసుపత్రిలో అంత పెద్దవాళ్ళతో కూర్చుని ఏం మాట్లాడుతుందమ్మా అని అడిగాడు.

పెద్దావిడ గుమ్మం వైపు చూసింది. కావాలనే, కోడలికి వినపడేలా గొంతు పెంచింది.

"ఏమో మాస్టారూ! అది నా కోడలు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పదు."